నలుగురు ఖైదీలు, మూడు భాషలు: ఒక ఫార్సీ కథను తెలుగు చేయబోయి (కేస్ స్టడీ)

ఇరాన్ కథల మీద ప్రత్యేక సంచిక వేస్తున్న ఒక పత్రిక "అణచివేత" అనే అంశం కింద నన్నో కథ అనువదించి ఇమ్మంది. నేను ఫార్సీ నేర్చుకున్నది హైదరాబాద్‌లో, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం క్లాసుల్లో. అప్పటికి కొన్ని కథలు తెలుగులోకి తెచ్చిన ధైర్యం ఉంది. నేను ఎంచుకున్న కథ చిన్నది కూడా. రెండు వారాలు చాలన్నాను. ఐదు నెలలు పట్టింది. మధ్యలో రెండు డ్రాఫ్టులు మూలన పడేశాను. ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో రాసిపెడితే ఈ పని చేసేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కథ పేరు "ఫార్సీ షెకర్ అస్త్", అంటే ఫార్సీ చక్కెర. రాసింది మొహమ్మద్ అలీ జమాల్‌జాదె. 1921లో బెర్లిన్‌లో అచ్చయిన ఆయన ఆరు కథల పుస్తకంలో ఇది మొదటిది. ఆధునిక ఫార్సీ కథానిక ఇక్కణ్ణుంచే మొదలైందని చాలామంది అంటారు. పేరు చెప్పగానే ఎడిటర్ గారు ఫోన్‌లో నవ్వారు. "అది కామెడీ కదండీ? అందులో అణచివేత ఎక్కడుంది?"

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఇరాన్ కథలూ అణచివేతా అనగానే గుర్తొచ్చేవి వేరు. బొజొర్గ్ అలవీ 1937లో వామపక్షం వాళ్లని అరెస్టు చేసిన "యాభై ముగ్గురి"లో ఒకడు. జైల్లో దొరికిన కాగితం ముక్కల మీద రాసుకున్నవి 1941లో, రెజా షా గద్దె దిగాక పుస్తకమయ్యాయి. సాదెఖ్ హెదాయత్ తన "గుడ్డి గుడ్లగూబ"ను బొంబాయి వచ్చి ఓ యాభై కాపీలు సైక్లోస్టైల్ తీయించి, ఇరాన్‌లో అమ్మకానికి కాదని దాని మీదే రాసుకున్నాడు. గొలామ్ హొసేన్ సాఎదీ వృత్తికి మానసిక వైద్యుడు. ఆవు చచ్చిపోతే తానే ఆవైపోయిన రైతు కథ ఆయనదే. 1974లో సవాక్ వాళ్లు, అంటే షా రహస్య పోలీసులు, ఆయన్ను పట్టుకుపోయారు. షహర్‌నూష్ పార్సీపూర్ ఆడవాళ్ల కన్నెరికం గురించి దాపరికం లేకుండా రాసినందుకు 1989 తర్వాత మళ్లీ జైలు చూసింది. ఎడిటర్ గారి మనసులో ఉన్నది ఈ వరస: జైలు, కొరడా, సెన్సారు.

నాకు మాత్రం ఈ వరస మొత్తానికీ మొదట్లో నిలబడిన ప్రశ్న ఆ "కామెడీ" కథలోనే కనిపించింది. నేనేం చేశానని నన్ను పట్టుకొచ్చారు? నవలాకారుడు మహమూద్ దౌలతాబాదీ 1974లో అరెస్టయినప్పుడు ఇదే అడిగాడట. నువ్వేమీ చెయ్యలేదు గానీ, మేం పట్టుకున్న ప్రతివాడి దగ్గరా నీ పుస్తకాలే దొరుకుతున్నాయి అన్నారట. ఆయనకు ఆ మాత్రం జవాబైనా దక్కింది. జమాల్‌జాదె కథలో రమజాన్ అనే కుర్రాడికి అదీ దక్కదు.

కథలో జరిగేది

ఐదేళ్లు పరాయి దేశాల్లో తిరిగి కథకుడు కాస్పియన్ సముద్రం మీదుగా ఇరాన్‌లోని అంజలీ రేవుకి చేరతాడు. చచ్చిన మిడతను చీమలు చుట్టుముట్టినట్టు పడవల వాళ్లు ఓడను చుట్టుముడతారు. ఒడ్డున పాస్‌పోర్టు అధికారుల కళ్లు ఇతని టోపీ మీద పడతాయి. దొరల టోపీ, అంచున్నది. ఫార్సీలో దాన్ని "కొలాహె లగనీ" అంటారు, లగన్ లాంటి టోపీ అని. హైదరాబాదీలకు లగన్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు, మాంసం వండే వెడల్పాటి గిన్నె. టోపీ ఫారిన్‌ది, మనిషి ఇరానీ. తేడాగా ఉందని తీసుకెళ్లి కస్టమ్స్ ఆఫీసు వెనక చీకటి కొట్లో పడేస్తారు.

చీకటికి కళ్లు అలవాటు పడ్డాక లోపల ఇంకా ఎవరో ఉన్నారని తెలుస్తుంది. మూల బొగ్గు బస్తా మీద తళతళలాడే తెల్ల పిల్లి ముడుచుకుని పడుకున్నట్టుంది. తీరా చూస్తే అది పిల్లి కాదు, తలపాగా. బొగ్గు బస్తా అనుకున్నది నల్ల అబా, అంటే వదులు పైవస్త్రం, చుట్టుకుని మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్న షేక్, మతపెద్ద. ఇంకోపక్క గూట్లో యూరప్ చదువు చదివొచ్చిన కుర్రాడు నవల చదువుకుంటున్నాడు. అతని కాలరు సమోవార్ (టీ నీళ్లు కాచే పాత్ర) గొట్టమంత ఎత్తు. కాకసస్ రైళ్ల పొగకు దాని రంగూ ఆ గొట్టంలాగే తయారైంది.

కాసేపటికి తలుపు తెరిచి ఇంకో మనిషిని లోపలికి తోస్తారు. ఉన్ని టోపీ పెట్టుకున్న కుర్రాడు, పేరు రమజాన్. టెహ్రాన్‌లో షాకీ మజ్లిస్‌కీ (పార్లమెంటుకీ) మళ్లీ చెడింది, రాకపోకల మీద కన్నేసి ఉంచమని రాజధాని నుంచి ఆర్డరొచ్చింది, రష్త్ నుంచి దిగిన కొత్త అధికారి తన తడాఖా చూపించడానికి ఊరి మీద పడ్డాడు. ఎప్పుడో కొన్నేళ్ల కిందట ఒక కాకసస్ మనిషి దగ్గర నౌకరీ చేశాడన్న సాకుతో ఈ కుర్రాణ్ణి లోపలేశాడు. అంతకుమించి కారణమేదీ కథలో లేదు.

రమజాన్ మొదట షేక్‌ని అడుగుతాడు. షేక్ అరబ్బీ దట్టించిన భాషలో ఉపదేశం మొదలుపెట్టి, కోపాన్ని దిగమింగేవాళ్ల గురించిన ఖురాన్ వాక్యం అందుకుంటాడు: అల్-కాజిమీన అల్-గైజ. రమజాన్‌కి అందులో అందిన ముక్క ఒక్కటే. కాదండీ, నా పేరు కాజిమ్ కాదు, రమజాన్ అంటాడు. మమ్మల్ని బతికుండగానే ఇక్కడెందుకు పాతిపెట్టారో కనుక్కుందామని అడిగానంతే అంటాడు.

తర్వాత కాలరాయన్ని అడుగుతాడు. ఆయన ఫ్రెంచి కలిపి కొడతాడు. ఈయనకూ ఏమీ తెలియదు. కానీ ఒక్క విషయం ఉంది. జరిగినదానికి సరైన పేరు పెట్టేది ఆ గదిలో ఈయనొక్కడే. వెయ్యేళ్ల నిరంకుశత్వం అంటాడు, చట్టం లేకపోవడం అంటాడు, రాజ్యాంగం ఉన్న దేశంలో కోర్టులుండాలి అంటాడు. "దెస్పోతిస్మ్", "కాన్‌స్తిత్యుస్యొనెల్", "త్రిబ్యునాల్". ప్రతి మాటా కరెక్టే. ఎవడి కోసం ఆ మాటలు కావాలో వాడికి మాత్రం ఒక్కటీ అర్థం కాదు. వీళ్లకు పిచ్చో, దయ్యమో పట్టిందని రమజాన్ భయపడి తలుపు బాదుతూ ఏడుస్తాడు.

నేను ఈ కథను అణచివేత కింద లెక్కేసింది ఇందుకే. కొట్టడం, తిట్టడం కథలో పెద్దగా లేవు. తన మీద జరుగుతున్నదానికి తన భాషలో పేరు దొరకని మనిషి ఉన్నాడు. ఆ పేరు తెలిసినవాళ్లు పక్కనే ఉన్నారు.

మొదటి డ్రాఫ్టు

ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను. షేక్‌కి గ్రాంథికం, కాలరాయనకి ఇంగ్లీషు, రమజాన్‌కి వాడుక భాష. గంటలో తేలిపోయినట్టనిపించింది.

ఒక ఆదివారం మిత్రుడి ఇంట్లో ఏడుగురి ముందు చదివాను. పడీ పడీ నవ్వారు. షేక్ నోరు తెరిచినప్పుడల్లా పాత సినిమాల్లో పంతులు గారి పాత్ర గుర్తొచ్చిందట. కాలరాయన సరేసరి, గిరీశం నీడ నేరుగా పడింది. తెలుగులో ఇంగ్లీషు దట్టించి మాట్లాడే యువకుణ్ణి గురజాడ ఒకసారి సృష్టించాక ఇంకెవరు వచ్చినా ఆయన చుట్టం కిందే లెక్క. చదవడం అయ్యాక, రమజాన్ ఏడ్చినప్పుడు ఏమనిపించిందని అడిగాను. "ఏడ్చాడా?" అన్నారొకరు.

మా వీధి చివర టీ కొట్లో పనిచేసే కుర్రాణ్ణి కూడా పిలిచాను. రమజాన్ లాంటివాడే, మరి అతనికెలా ఉంటుందోనని. కాలరాయన "ఏ పాజిటివ్ విషయం గానీ నెగటివ్ విషయం గానీ దొరకట్లేదు" అనేచోట ఆపాడు.

"కరోనా టెస్టా సార్?"

అందరూ మళ్లీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, డ్రాఫ్టు అక్కడే చచ్చిపోయింది. 1921లో అంజలీ కుర్రాడికి "పొజితిఫ్" వింత శబ్దం. మన టీ కొట్టు కుర్రాడికి పాజిటివ్ ఇంటి మాట. ఇంగ్లీషు తెలుగులో ఇప్పుడు పరాయి భాషగా పనిచెయ్యదు. అర్థం కాని మాటలు కావాల్సిన చోట నేను అందరికీ అర్థమయ్యేవి పెట్టాను.

గ్రాంథికంతో వచ్చిన చిక్కు ఇంకోరకం. షేక్‌కి సంస్కృత సమాసాలు పెడితే ఆయన పండితుడైపోతాడు, ఇరాన్ కథ కాస్తా కోనసీమ అగ్రహారానికి వచ్చేస్తుంది. మన దగ్గర సంస్కృతం చుట్టూ ఉన్న కులం గొడవ మొత్తం ఆ నాలుగు వాక్యాల్లోకి వచ్చి కూర్చుంటుంది. కథలో అది లేదు.

రెండో డ్రాఫ్టు

ఈసారి షేక్ నోట అరబ్బీని అలాగే ఉంచేశాను. దీన్ని ముగ్గురికే చూపించాను. ఒకాయన కాగితాలు మడిచి నా చేతికిస్తూ, "ఇప్పుడున్న పరిస్థితుల్లో ఇది ముస్లింల మీద వేళాకోళం అవుతుంది, ఆలోచించుకోండి" అన్నారు. ఆయన అన్నది నిజం. కథలో నలుగురూ ముస్లింలే. జమాల్‌జాదె వెక్కిరించింది మతాన్ని కాదు, మనిషి ఏడుస్తుంటే వినపడనివ్వని వాగ్ధోరణిని. ఆయన తండ్రే పేరున్న మత ప్రవచనకారుడు, రాజ్యాంగం కోసం మసీదుల్లో మాట్లాడినవాడు. 1908లో షా మజ్లిస్ మీద ఫిరంగులు పేల్పించినప్పుడు పారిపోతూ దొరికిపోయాడు. బోరూజెర్ద్‌లో నిర్బంధంలోనే చంపేశారు. అప్పటికి కొడుకు బేరూత్‌లో చదువుకుంటున్నాడు. రమజాన్ ప్రశ్న వెనక ఈ ఇంటి కథ ఉందని నాకనిపిస్తుంది. రుజువు చెయ్యలేను.

తెలుగు పేజీ మీద అరబ్బీ కనిపిస్తే చదివేవాడికి ముందు మతమే కనిపిస్తుంది. కాబట్టి అదీ పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఫార్సీ మాటలు మనకేం మిగిల్చాయి

ఇక్కడ నెల రోజులు ఆగిపోయాను. ఆ నెలలో పెద్దగా రాసిందేమీ లేదు. రమజాన్ మాట్లాడే ఫార్సీలో తెలుగువాడు గుర్తుపట్టే మాటలకు మాత్రం గీతలు గీసుకుంటూ కూర్చున్నాను.

జులుం, ఖైదు, హుకుం, దరఖాస్తు, ఫిర్యాదు, హాజరు, జవాను, గుమాస్తా. ఫార్సీ మన నేల మీద కొన్ని వందల ఏళ్లు కచేరీ భాష. హైదరాబాద్ సంస్థానంలో 1880ల దాకా దఫ్తర్లు నడిచింది అందులోనే. అందుకే మనకు చేరిన ఫార్సీ మాటలకు చాలావాటికి ఆఫీసు వాసన ఉంటుంది. ఫార్సీలో జవాన్ అంటే కుర్రాడు, మన దగ్గర ఫైలు మోసేవాడు. ఫరియాద్ అంటే అక్కడ గొంతు చించుకుని పెట్టే కేక. మన దగ్గర అది స్టాంపు కాగితమైంది.

కథలో ఫార్సీ బాధితుడి భాష. తెలుగులో ఫార్సీ మాట అధికారి భాష. అచ్చుగుద్దినట్టు అవే మాటలు దింపితే కథ తిరగబడుతుంది. రమజాన్ దరఖాస్తు పెట్టుకుంటున్నట్టుంటుంది.

రెండే మాటలు దీనికి లొంగలేదు. ఒకటి జులుం. రమజాన్ షేక్‌తో మొదటిసారి మాట్లాడినప్పుడే ఈ మాట వస్తుంది. మనకిది ఆఫీసు మాట కాలేదు, వీధిలోనే ఉండిపోయింది. "జులుం నశించాలి" అని ఇప్పటికీ అరుస్తారు. దాన్ని అలాగే ఉంచాను. రెండోది కొలాహ్, అంటే టోపీ. అది మన కుళ్ళాయి. విద్యానగరంలో ప్రౌఢదేవరాయల కొలువుకెళ్లి కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని శ్రీనాథుడు గోల పెట్టిన చాటువు అందరికీ తెలిసిందే. కొలువులో నిలబడాలంటే తల మీద ఏముందో ముందు చూస్తారు. అంజలీ రేవులో జరిగిందీ అదే కదా. అందుకని రమజాన్‌కి ఉన్ని కుళ్ళాయి, కథకుడికి దొరటోపీ. ఈ ఒక్కచోట తెలుగు నాకు అడక్కుండానే సాయం చేసింది.

"గొనాహ్" దగ్గర చాలా తర్జనభర్జన పడ్డాను. పాపమా, నేరమా, తప్పా? ఫార్సీలో మూడిటికీ అది సరిపోతుంది. షేక్‌తో మాట్లాడేచోట రమజాన్ చేత "నేనేం పాపం చేసిన" అనిపించాను. మతపెద్దను చూసి అడిగేవాడి నోట సహజంగా వచ్చే మాట అదే. "నేరం" అనే మాటను మొత్తం అనువాదంలో రమజాన్ నోట ఎక్కడా రానివ్వలేదు. ఆ మాట అతని చేతిలో లేదు కాబట్టే కదా ఈ కథ.

మూడో డ్రాఫ్టు

కాలరాయన చిక్కు ఒక్క వాక్యం పట్టుకుని లాగితే వీడింది. ఫార్సీలో అతను "గంటల తరబడి నా తలకాయ తవ్వుకుంటున్నాను" అంటాడు. మాటలన్నీ ఫార్సీవే. కానీ ఏ ఇరానీ అలా అనడు. ఫ్రెంచివాళ్లు బుర్ర బద్దలు కొట్టుకోవడాన్ని తల తవ్వుకోవడం అంటారు, ఇతను దాన్ని మక్కీకి మక్కీ దించేశాడు. అంటే జమాల్‌జాదె ఫ్రెంచి మాటలు చల్లి ఊరుకోలేదు, వాక్యం వెన్నెముకనే విరిచాడు. నాకు దారి దొరికింది. ఇంగ్లీషు మాటలన్నీ తీసేశాను. నాలుగైదు ఫ్రెంచి మాటలు శబ్దం కోసం ఉంచి, మిగతాదంతా తెలుగు మాటలతోనే, తెలుగు కాని వాక్యాల్లో రాశాను.

ఈసారి టీ కొట్టు కుర్రాడు చివరిదాకా విని, "సార్ చెప్పేది తెలుగే గానీ... నాకే సమజైతలేదా?" అన్నాడు. ఆ "నాకేనా" అన్న అనుమానం కోసమే నేను ఐదు నెలలు తిరిగింది.

షేక్‌కి రాజీ పడ్డాను. సమాసాలు తగ్గించి, క్రియల్ని మాత్రం పాతకాలపు ఉపదేశం తరహాలో ఉంచాను: "అవిధేయమగు మనస్సు పగ్గములను క్రోధమునకు అప్పగింపకుము." ఖురాన్ వాక్యం ఒక్కసారే వస్తుంది, కాజిమ్ కోసం. మూలంలో ఆయన గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు, తెలుగులో సగమే మాట్లాడాడు. ఇది నష్టమే, ఒప్పుకుంటున్నాను.

రమజాన్‌కి తెలంగాణ మాట ఇచ్చాను. "కాజిమ్ కాదు షేక్ సాబ్, నా పేరు రమజాన్. గిట్ల బతికుండంగనే మమ్మల్ని ఎందుకు పాతిపెట్టిన్రో జర చెప్పున్రి అంటున్న." దీనికో ప్రమాదం ఉంది. మన సినిమాలు ఏళ్ల తరబడి ఈ యాసను కమెడియన్‌కో రౌడీకో అంటగట్టాయి. కథకుడు పుస్తకాల తెలుగులో, రమజాన్ యాసలో మాట్లాడితే మళ్లీ పాత గోలే. పైగా కథ మలుపు తిరిగేది కథకుడు రమజాన్‌తో అతని భాషలోనే మాట్లాడినప్పుడు. దొరటోపీవాడి నోట తన మాట విని కుర్రాడు అతని చేతులు ముద్దు పెట్టుకుంటాడు. కాబట్టి మిగతా కథంతా మామూలు తెలుగులో చెప్పిన కథకుడు అక్కడ ఒక్కచోట యాసలోకి దిగాలి. "నేను దొరనెక్కడ అయిన తమ్మీ, నీ అసుంటోన్నే. ఎందుకు గంత భయపడుతున్నవ్?" ప్రూఫులు చూసినవాళ్లు దీన్ని రెండుసార్లు "సరిదిద్దారు". రెండుసార్లూ వెనక్కి మార్చాను.

కాలరు సంగతి కూడా చెప్పాలి. కాలరాయన్ని అడిగేముందు రమజాన్ తనలాంటివాళ్లను "యఖె చెర్కీన్" అంటాడు, మాసిన కాలరోళ్లం అని. తెలుగులో "మాసిన బట్టలోళ్లం" సాఫీగా ఉంటుంది, మొదట అదే రాశాను. మూడోసారి చదివినప్పుడు వెలిగింది. ఎదుట కూర్చున్నాయన కాలరు రైలు పొగకు నల్లబడి ఉందని మూడు పేజీల ముందే రచయిత చెప్పాడు. ఇద్దరి కాలర్లూ మాసినవే. ఒకడికే ఆ సంగతి తెలుసు. కాలరు అన్న మాట పోతే ఈ దెబ్బ పోతుంది. ఎబ్బెట్టుగా ఉన్నా "మాసిన కాలరోళ్లం" అనే ఉంచాను.

మొదటి వాక్యం మాత్రం సులువుగానే వచ్చింది. పచ్చీ ఎండూ కలిపి కాల్చడంలో ఇరాన్‌ని మించిన చోటు లేదంటాడు. ఎండు కట్టెలతో పాటు పచ్చివీ కాలడం మనకు తెలియంది కాదు.

అచ్చయ్యాక

చివర్లో ఆ అధికారి స్థానంలో ఇంకొకడు వస్తాడు. అందర్నీ వదిలేస్తారు. పాతవాడు చేసింది తిరగ్గొట్టడమే కొత్తవాడి మొదటి పని, వీళ్లను వదలడానికి అంతకుమించి కారణం లేదు. కథకుడు షేక్‌తోనూ కాలరాయనతోనూ కలిసి బండెక్కి రష్త్ దారి పడితే ఎదురుగా ఇంకో కొత్త అధికారి అంజలీ వైపు దూసుకెళ్తుంటాడు. బండిలో వాళ్లు నవ్వుకుంటారు. పుస్తకం వచ్చిన 1921లోనే, ఫిబ్రవరిలో, టెహ్రాన్‌లో రెజా ఖాన్ (తర్వాతి రెజా షా) సైన్యంతో దిగాడు. పుస్తకం మీద ఛాందసులు ఎంత గోల చేశారంటే, జమాల్‌జాదె తర్వాత ఇరవై ఏళ్ల దాకా ఇంకో కథల పుస్తకం వెయ్యలేదు. బతుకంతా బయటే గడిచింది, 1997లో జెనీవాలో పోయాడు.

సంచిక అచ్చుకెళ్లే ముందు పత్రిక నుంచి ఫోనొచ్చింది. "ఎనిమిదో పేజీ తర్వాత ఏదో పేరా జారిపోయినట్టుందండీ. ఇంతకీ వాళ్ల నేరం ఏంటో రాలేదు." మూలం తీసి మళ్లీ చూసి, జారిపోలేదని చెప్పాను. "అవునా" అని కాసేపు ఆగి పెట్టేశారు.

ఒక్క మాట ఇంకా తేలలేదు. బండి కదిలేముందు రమజాన్ పరుగెత్తుకొచ్చి, రుమాలులో మూటగట్టిన "ఆజీల్" కథకుడి చేతిలో పెడతాడు. ఈ పిచ్చోళ్లతో కలిసి ప్రయాణానికి బయల్దేరావంటే నీకూ అంటుకున్నట్టుందని చెవిలో చెబుతాడు. ఆజీల్ అంటే పిస్తా, బాదం, గింజలు కలిపి వేయించినవి. పత్రికలో "డ్రైఫ్రూట్స్" అని పడింది. రమజాన్ డ్రైఫ్రూట్స్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? పుట్నాలు, పల్లీలు అందామంటే అంజలీ రేవులో పల్లీలేంటని ఫార్సీ తెలిసినవాళ్లు తగులుకుంటారు. పుస్తకంగా వేసేటప్పుడు "వేయించిన గింజలు" అని మారుద్దామనుకుంటున్నాను. అదీ నోటికి రుచిగా లేదు.